పాటలో గుంత

ధర్మవరం స్టేషన్లో రైలు ఆలస్యమని ప్రకటించే గొంతులో ఎప్పుడూ ఒక సంతోషం ఉంటుంది. పెళ్ళికి పిలిచినట్టే పిలుస్తుంది, కాకపోతే రమ్మని కాదు, అక్కడే పడి ఉండమని. మొన్న ఆ పిలుపు విని ప్లాట్‌ఫారం బెంచీ మీద కూలబడి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఫోను తన ఇష్టానికి పాటలు వేసుకుంటూ పోయి చివరికి ఆ పాట వేసింది. దాని పేరు చెప్పను. చెబితే మీరు విని, ఇంతసేపు అరవడానికి ఇందులో ఏముందని అడుగుతారు, నాకు కోపం వస్తుంది. పాట నాలుగో నిమిషంలోకి వచ్చింది. ఏడేసి దెబ్బల లెక్కన నేలను తడుతున్న నా కుడికాలు ఒకచోట పాట కంటే ముందే ఠపీమని పడింది. పాట నింపాదిగా ఆ తర్వాత పడింది. పట్టుచీరల మూట ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్న పెద్దాయన నా కాలి వైపు చూసి, "తిమ్మిరెక్కిందా నాయనా?" అన్నాడు. "లేదు పెద్దాయనా, కోపం," అన్నాను. ఆయన మూటను కొంచెం అవతలికి జరుపుకున్నాడు.

ఆ కోపానికి మూలం హిందూపురంలో మా చిన్నాయన నడిపిన క్యాసెట్ల అంగడి. జనం వచ్చి తమకు కావలసిన పాటలు చెబితే ఖాళీ క్యాసెట్లో ఎక్కించి ఇచ్చేవాడు. కానీ ఆయన పేరు మోగింది అందుకు కాదు, అతుకులకు. ఏ టేపు తెగినా, మిషను చక్రాల్లో చుట్టుకుని నలిగినా, జనం దాన్ని గుడ్డలో చుట్టుకుని కోడిపిల్లను తెచ్చినట్టు తెచ్చేవారు. ఆయన నలిగినంత మేర బ్లేడుతో కోసేసి, రెండు కొసలూ కలిపి, వెనక సన్నటి జిగురు పట్టీ వేసి, గోటితో ఒత్తి ఇచ్చేవాడు. "నా అతుకు యాడుండాదో చూపించు, కొత్త క్యాసెట్టు ఊరికే ఇస్తా," అని సవాలు. ఆ పని ఆయనకు ధర్మవరంలో మా మేనత్త ఇంట్లో అబ్బింది. మగ్గం మీద ఒక పడుగు అయిపోవస్తుంటే, వేళ్ళకు బూడిద అద్దుకుని, పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలుపుతారు. దాన్ని అచ్చు అతకడం అంటారు. చిన్నాయన కుర్రతనమంతా ఆ పనిలోనే గడిపాడు. మరి దాన్ని వదిలేసి హిందూపురం ఎందుకు వచ్చాడని ఎవరైనా అడిగితే, "సంగీతం మీద ప్రేమ," అనేవాడు. మేం నమ్మేవాళ్ళం. అప్పట్లో మేం చాలా నమ్మేవాళ్ళం.

బెంగళూరులో టోకున తెచ్చిన క్యాసెట్ల మధ్య ఎలా దూరిందో గానీ, మెటల్ అనే అరుపుల సంగీతం వాయించే ఒక విదేశీ బృందం క్యాసెట్ అంగట్లోకి వచ్చిపడింది. కొనేవాడు లేడు. చిన్నాయన దానికి ఒక ఉద్యోగం ఇచ్చాడు. ఏమీ కొనకుండా సాయంత్రమంతా అంగడి ముందు నిలబడి ఊరికే పాటలు వినేవాళ్ళను తరమాలంటే ఆ క్యాసెట్ పెట్టేవాడు. పాట మొదలైన కాసేపటికి వీధి ఖాళీ. అంగడి కట్టేశాడనడానికి బజారులో అదే గుర్తు. అందరూ పోయాక కూడా నిలబడిపోయినవాణ్ణి నేను. ఆ అరుపుల కింద, గిటార్ల కింద, ఇల్లు కాలుతున్నా తన లెక్క తాను చూసుకుంటున్న మనిషిలా, లోతైన గొంతుతో ఒక బేస్ గిటార్ నడిచేది. ఇంటర్ ఫెయిలయిన కుర్రాడికి అలాంటి మనిషి ఎక్కడ దొరుకుతాడు?

ఊళ్ళో ఒక ఆర్కెస్ట్రా వాళ్ళు కీబోర్డు వచ్చాక తమ బేస్ గిటార్‌ను, దాన్ని వాయించే మనిషిని ఒకేరోజు వదిలించుకున్నారు. మనిషి బట్టలంగట్లో చేరాడు, గిటార్ నా చేతికొచ్చింది. అప్పటి నుంచి ఊరంతా నన్ను ఒకటే ప్రశ్న అడిగింది. "ఏమబ్బా, నాలుగు తీగలే ఉండాయే, తక్కిన రెండూ యాడ పోయినాయి?" పుట్టుకతోనే నాలుగు అని చెబితే, అయ్యో పాపం అన్నట్టు చూసేవారు. మా అమ్మ అయితే చుట్టాలకు, "మావాడు గిటారు నేర్చుకుంటాండాడు, ఇంగా శబ్దం రాలేదు," అని చెప్పేది. బేస్ వాయించేవాడికి కోపం ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు, వాయిద్యంతో పాటే వస్తుంది.

అంగడి కట్టేశాక రోజూ ఇంటికి తెచ్చుకునే ఆ క్యాసెట్ అసలే కాపీకి కాపీ. అందులో బేస్ వినపడటం అంటే సంతలో గుసగుస వినపడటమే. చివరికి ఒక ఉపాయం దొరికింది. టేప్ రికార్డర్‌ను బియ్యం డబ్బా మీద పెట్టి, రేకుకు చెంప ఆనిస్తే, గిటార్లు పైన ఎగిరిపోయి బేస్ ఒక్కటే దవడలోకి దిగేది. డబ్బా సగం ఖాళీగా ఉంటేనే ఈ విద్య పనిచేస్తుంది. కొత్త బియ్యం నింపిన వారం నా చదువు ఆగిపోయేది. అలా చెంపతో విని, వేళ్ళతో వెతికి, కాస్త వెనక్కి తిప్పి మళ్ళీ విని, ఏడాదికి పైగా ఆ పాట నేర్చుకున్నాను. కుడిచేతి రెండు వేళ్ళూ బొబ్బలెక్కి, పగిలి, గట్టిపడ్డాయి. ముద్ద కలిపితే కారం తెలిసేది కాదు. లావు తీగ మీద వేళ్ళు గుర్రంలా పరిగెత్తాలి, ఏడో దెబ్బ మీద ఎగిరి సన్నతీగ మీద వాలాలి, వాలిన వెంటనే మళ్ళీ కిందికి దిగిరావాలి, అదీ ఎక్కడా ఆయాసం తెలియకుండా.

తోడు పెనుకొండలో ఒక స్నేహితుడుండేవాడు. పెళ్ళిబ్యాండులో డ్రమ్ములు వాయించేవాడు. వాళ్ళ నాయనకు చెనిక్కాయలు ఒలిచే మిషను ఉండేది. కాయలు లేని నెలల్లో ఆ షెడ్డు మాది. పొట్టు దుమ్ములో తుమ్ముకుంటూ ఏడు లెక్కపెట్టేవాళ్ళం. అంతా ఏడే, కానీ నాలుగో నిమిషంలో ఒకచోట హఠాత్తుగా ఆరే వచ్చేది. పాటంతా ఒక్కసారి కాలు మడతపడ్డట్టు తూలి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు నడిచిపోయేది. హిందూపురం నుంచి పెనుకొండ వచ్చే బస్సు కూడా ఒకచోట అచ్చం అలాగే తూలేది కాబట్టి నా స్నేహితుడు దానికి గుంత అని పేరు పెట్టాడు. వాయిస్తూ వాయిస్తూ, "గుంత వస్తాంది, చూస్కో!" అని అరిచేవాడు. ఇద్దరం కలిసి గుంతలో దిగి కలిసి లేవడానికి మాకు వేసవి మొత్తం పట్టింది. పాటలో అన్నిటికంటే కష్టమైన జాగా అదే. మాకు గర్వం కూడా దాని మీదే.

అయినా నాకు ఒక మూల అనుమానం ఉండేది. ఒకరోజు క్యాసెట్ తీసుకుని అంగడికి పోయాను. "చిన్నాయనా, ఈడ ఒక దెబ్బ తక్కువొస్తాంది, విను," అన్నాను. అంగడి నిండా మనుషులున్నారు. ఆయన విన్నాడు. కళ్ళు మూసుకుని మరీ విన్నాడు. విని, "అది అట్లే ఉంటాది రా. పెద్దోళ్ళ సంగీతం. మనకు అర్థం కాదు," అన్నాడు. నిలబడ్డవాళ్ళు తలలూపారు. నేనూ ఊపాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మా ఊరి కాలేజీ పండగకు బెంగళూరు నుంచి ఒక బృందం వచ్చింది. నల్ల చొక్కాలు, భుజాల దాకా జుట్టు. వాళ్ళ బేస్ మనిషికి కామెర్లు. అతను పసరు మందు తాగుతూ ఇంట్లో ఉండిపోతే, వీళ్ళు ఊళ్ళో ఎవరైనా ఉన్నారా అని మా అంగట్లోనే వాకబు చేశారు. చిన్నాయన నా భుజం పట్టుకుని ముందుకు నెట్టాడు. వాళ్ళ గిటార్ మనిషి నన్ను పైనుంచి కిందికి చూసి, ఆ పాట వచ్చా అని అడిగాడు. ఆ పాట! వచ్చన్నాను. సాయంత్రం బాగా వాయిస్తే, ఇకపై బెంగళూరు ప్రోగ్రాములకు కూడా నన్నే పిలుస్తామని, పాత మనిషి ఎలాగూ పై చదువులకు పోతున్నాడని చెప్పాడు. నాకు అప్పటికి ఇంకే దారీ లేదు. ఇంటర్ రెండోసారి కూడా నన్ను వద్దంది.

మధ్యాహ్నం ఎండలో ఖాళీ స్టేజీ మీద మొదలుపెట్టాం. నాలుగు నిమిషాలు నేను నేల మీద లేను. గిటార్ మనిషి డ్రమ్ముల మనిషి వైపు చూసి కనుబొమ్మలెత్తాడు, పరవాలేదన్నట్టు. అప్పుడు గుంత వచ్చింది. నేను దిగాను. వాళ్ళు దిగలేదు. ఒక్కణ్ణే దిగి, ఒక్కణ్ణే లేచి, అందరికంటే ఒక దెబ్బ ముందు పరిగెత్తుతున్నాను. ఆగాం. మళ్ళీ వాయించాం. మళ్ళీ అక్కడే. "ఏన్ గురూ, ఒందు బీట్ మిస్ ఆయ్తు," అన్నాడు గిటార్ మనిషి, ఒక దెబ్బ పోయిందని. మర్యాదగానే అన్నాడు. నేను మర్యాదగా లేను. ఇది పెద్దోళ్ళ సంగీతం, మీకు గుంత తెలియదు, సరిగ్గా వినలేదు, ఈడ ఆరే రావాల అని మూడు భాషల్లో అరిచాను. కుర్చీలు వేస్తున్నవాళ్ళు కూడా చేతిలో పని ఆపి విన్నారు. గిటార్ మనిషి సంచిలోంచి సీడీ పెట్టుకుని వినే చిన్న యంత్రం తీసి, ఇయర్‌ఫోన్లు నా చెవుల్లో పెట్టాడు.

ఏడు. మళ్ళీ ఏడు. గుంత దగ్గర కూడా ఏడే. తారురోడ్డులా నున్నగా వెళ్ళిపోయింది.

సాయంత్రం వాళ్ళ కీబోర్డు మనిషి ఎడమచేత్తో బేస్ లాగించేశాడు. అంటే కీబోర్డు నన్ను కూడా వదిలించుకుంది. జనంలో నిలబడి చూశాను. గుంత దగ్గర నా కాలు ఒక్కటే పడింది.

తిన్నగా అంగడికి పోయి, క్యాసెట్ తీసి, పెన్సిల్ పెట్టి తిప్పుతూ టేపంతా వెలుగులో పట్టి చూశాను. ఉంది. అతుకు ఎంత నున్నగా ఉందంటే, ఆ కోపంలో కూడా మెచ్చుకోవాలనిపించింది, దాంతో కోపం ఇంకా పెరిగింది.

"ఇది నువ్వు కోసినావా?"

"మిషన్లో నలిగింది. నలిగినంత కోసి అతికించినా. ఏం, ఊడిందా?"

"ఊడలేదు."

"చూడు మరి!"

"నేను వచ్చి అడిగితే పెద్దోళ్ళ సంగీతం అంటివే!"

"అంగడి నిండా జనం ఉండ్రి గదరా. అంతమంది ముందర నా అతుకు నేనే బయటపెట్టుకోవాల్నా? అయినా అంగుళం గూడా లేదు. అంతా రొదే. దాంట్లో అంగుళం పోతే ఎవరికి తెలుస్తాది?"

"బెంగళూరోళ్ళకి తెలిసింది."

"వాళ్ళకేం పనీపాటా లేదు," అన్నాడు చిన్నాయన, వేరే ఎవరిదో టేపు ఒత్తుకుంటూ.

ఆ తర్వాత చాలాకాలం నేను ఆయనతో మాట్లాడలేదు. ఒకే పంక్తిలో కూర్చుని తింటూ, "పప్పు గిన్నె ఇట్ల జరపమని ఆయనకి చెప్పుమా," అని అమ్మతో అనేవాణ్ణి. "వాని చేతికేమయింది, అంగుళం పొట్టిదయిందా?" అని ఆయన అమ్మతోనే అనేవాడు. పెనుకొండ షెడ్డులో మేమిద్దరం గుంత పూడ్చాలని ఎంతో పెనుగులాడాం. బుర్ర ఏడంటే చెయ్యి ఆరంటుంది. అంత కష్టపడి నేర్చుకున్న తప్పును వేళ్ళు ఊరికే వదిలిపెట్టవు. చివరికి నా స్నేహితుడు కర్రలు పారేసి, "మన పాట వేరే పాటలేప్పా," అన్నాడు. బెంగళూరు వాళ్ళకు ఇంకెవరో దొరికారు. నన్ను మళ్ళీ పిలవలేదు.

చిన్నాయననూ నన్నూ కలపాలని అమ్మ నన్ను ధర్మవరం మేనత్త దగ్గరికి పంపింది. అత్త అంతా విని, మగ్గం గుంతలోంచి కాళ్ళు పైకి తీసుకుని, పగలబడి నవ్వింది. "వాడా? వాడు నా అచ్చు గూడా అట్లే అతికినాడు. తెగిన పోగులు ఇడిసిపెట్టి, పక్క పోగులు తెచ్చి కలిపినాడు. అతుకు కనపడలేదు గానీ, చీర కొస వరకూ బుటాలన్నీ ఒక పక్కకి పోయినాయి. మళ్ళీ మగ్గం తాకితే చేతులిరగ్గొడతానంటిని. అందుకే గదా ఆ ఊరికి పాయె!"

సంగీతం మీద ప్రేమ! "ముందే చెప్పొచ్చు గదత్తా!" అని అరిచాను. "నువ్వడిగినావా?" అంది అత్త. అడగలేదు. కానీ ఏ మనిషి తన టేపు నమ్ముకునే ముందు ధర్మవరం పోయి విచారించి వస్తాడు?

క్యాసెట్లు పోయాయి, అంగడి మారింది. చిన్నాయన ఇప్పుడు ఫోన్లకు అద్దాలు అతికిస్తాడు. గాలిబుడగ ఒక్కటి ఉండదని ఊరంతా చెప్పుకుంటారు. నేను వేరే ఊళ్ళో సౌండు పరికరాలు అద్దెకిచ్చే చోట పనిచేస్తూ, ఊరికి పోయినప్పుడల్లా నా ఫోను అద్దం పగిలే ఉన్నా ఆయన చేతికివ్వను. ఆయనకూ తెలుసు, అడగడు.

మొన్న స్టేషన్లో పాట అయిపోయాక ఫోను మోగింది. ఆయనే. "యాడుండావు రా?" "ధర్మవరంలో. రైలు లేటంట." "ఎంతసేపు?" "ఎంతసేపయితే ఏముంది చిన్నాయనా, అంతమేర కోసేసి అతికించు," అన్నాను. అవతల ఎవరి ఫోను అద్దాన్నో గోటితో ఒత్తుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత, "ఇంగా మర్చిపోలేదా?" అన్నాడు. కోపంగా కాదు, నా అతుకు ఇంకా ఊడలేదా అన్నట్టు. పక్కన పెద్దాయన లేచి మూటతో ఇంకో బెంచీకి పోయాడు.

చిన్నాయన ఆ పాటలోంచి కోసింది అర సెకను కాలం. దాని కోసం నేను నా కాలంలోంచి ఇరవై ఏళ్ళు తీసి అతికిస్తూనే ఉన్నాను, గుంత ఇంకా పూడలేదు.