లీలమ్మ ఎక్కని జీపు

ఆదివారం పొద్దున ఎనిమిదైందని తెలియడానికి ఉప్పుగూడ స్టేషను వెనక సందులో గడియారం అక్కర్లేదు. ఇశ్రాయేలు జీపు హ్యాండిల్ తిప్పేవాడు. అది నాలుగుసార్లు దగ్గి అయిదోసారికి అందుకునేది.

యుద్ధంలో తిరిగి తిరిగి, చివరికి సైన్యం వేలం వేసిన అమెరికా జీపు అది. స్టీరింగు ఎడమవైపు. యాభైమూడులో ఎడ్లబండి వెనక తాడు కట్టి లాక్కొస్తే ఇల్లు చేరింది. ఇశ్రాయేలు రైల్వే షెడ్డులో ఆవిరి ఇంజన్ల ఫిట్టరు. డ్యూటీ దిగగానే జీపు కిందికి దూరేవాడు. ప్రతి నట్టూ విప్పి, కిరసనాయిలుతో కడిగి, మళ్లీ బిగించాడు. ఆవిరి ఇంజను దగ్గర బుస్సుమన్న చోటల్లా బలం పోయినట్టే లెక్క. కాబట్టి పెట్రోలు టాంకు మూతలో సన్నని తూటు కనబడగానే, దొంగ దొరికినంత సంబరంగా సబ్బు కూరి మూసేశాడు. అంచుకు తోలు వాషరు కూడా వేశాడు.

ఒక్కటే వెలితి. భార్య లీలమ్మ ఆ జీపు ఎక్కదు.

కొత్తలో ఒకసారి ఎక్కింది. ఫలక్‌నుమా ఎత్తు సగంలో అది ఆగిపోతే, చర్చికి పోయేవాళ్లంతా చూస్తుండగా, పట్టుచీరతో దిగి తోసింది. "ఎవల చెయ్యీ పడకుండ ఇంటికాడ్నుంచి ఇది గీ ఎత్తు ఎక్కిన నాడే నేనెక్కేది" అని అక్కడే తేల్చి చెప్పింది.

అప్పటినుంచి ఆదివారాలు ఒక తీరుగా నడిచాయి. జహనుమా అవతలి చర్చికి ఆమె గొడుగు వేసుకుని ముందే నడక మొదలుపెట్టేది. ఇశ్రాయేలు జీపులో ఆమెను దాటి దుమ్ము లేపుకుంటూ పోయేవాడు. సగం ఎత్తులో జీపు ఆగేది. లీలమ్మ నింపాదిగా వచ్చి, ఎవరో తెలియనట్టు దాటిపోయేది. పక్కింటి వైకుంఠం ఆఫీసులో గుమాస్తా. చర్చితో ఆయనకు పనిలేదు, అయినా నలుగురిని పోగేసుకుని జీపు ఆగేచోట చొక్కా చేతులు మడుచుకుని నిలబడేవాడు. ఇశ్రాయేలు సీటు ఎత్తి, దాని కింది టాంకు మూత తీసి, పుల్లతో పెట్రోలు చూసి మూసేవాడు. వాళ్లు తోసేవారు. జీపు కదిలేది. మహిమంతా తన భుజానిదేనని వైకుంఠం సందంతా చెప్పుకునేవాడు. ఇశ్రాయేలు ఇంటికొచ్చి, లోపం అందులోనే ఉందని కార్బురేటరు మళ్లీ విప్పేవాడు. ఈ లెక్కన రెండేళ్లు.

ఒక ఆదివారం వైకుంఠం పెళ్లికి పోయాడు. తోసేవాళ్లు లేరు. ఎండలో మొగుడొక్కడే నిలబడితే లీలమ్మకు దాటిపోవడానికి మనసొప్పలేదు. దగ్గరికొచ్చి అతని మీదికి గొడుగు పట్టింది. అతను మూత తిప్పగానే టాంకు బుస్సున గాలి లోపలికి పీల్చుకుంది.

"గదేం చప్పుడయ్యా?"

ఏముంది, మూత బిర్రుగా ఉంది, చుక్క కారదని అతను గొప్పగా చెప్పాడు.

లీలమ్మ కాసేపు ఆ మూతనే చూసింది. "నూనె డబ్బాకు ఒక్క తూటు పొడిస్తే నూనె వస్తదా? గుడగుడమని ఆగిపోతది. గాలికి ఇంకొకటి పొడవాలె. పెట్రోలు కిందికి పోవాలంటే దీనికి గాలి ఎటుకెళ్లి వస్తదయ్యా?"

షెడ్డులో ఇరవై ఏళ్ల సర్వీసు, రెండేళ్ల కార్బురేటరు కొట్లాట అన్నీ ఇశ్రాయేలు ముఖంలో ఒక్కసారి కనబడి, మెల్లగా నవ్వుగా మారాయి. ఆమె గాజులకున్న పిన్నీసు తీసి అతని చేతిలో పెట్టింది. ఎండిన సబ్బు పొడిపొడిగా రాలింది. హ్యాండిల్ ఒక్క తిప్పుకే జీపు అందుకుంది. ఎక్కమన్నట్టు చూశాడు.

"సగంకాడ్నుంచి కాదు, ఇంటికాడ్నుంచి అన్న" అని ఆమె నడిచిపోయింది.

మరుసటి ఆదివారం ఆమె గంట ముందే పోయి ఎత్తు చివర నిలబడింది. ఇశ్రాయేలు ఇంటినుంచి కదిలాడు. స్టేషను దాటాడు, ఎత్తు మొదలైంది. సగం దగ్గర వైకుంఠం మనుషులు అలవాటుగా చేతులు చాచారు. జీపు వాళ్ల వేళ్ల ముందునుంచే జారిపోయింది. తోయడానికేమీ లేకపోయినా చాచిన చేతులతోనే పదడుగులు వెంట పరుగెత్తారు. పైన నల్ల గొడుగు పెద్దదవుతూ వచ్చింది. దాని పక్కన ఇశ్రాయేలు బ్రేకు వేశాడు, ఇంజను మాత్రం ఆపలేదు.

లీలమ్మ గొడుగు మూసి, కుచ్చిళ్లు సర్దుకుని, కుడివైపు సీట్లో కూర్చుంది. వెనకనుంచి వైకుంఠం గొంతు వినబడింది: "అన్నా, మరి వచ్చే ఐతారం మేమేం జెయ్యాలె?"

జహనుమాలో టాంగా తోలే ముసలాయన కుడిసీట్లోని లీలమ్మను చూసి, గుర్రాన్ని పక్కకు లాగి సలాం చేశాడు. ఊళ్లోని మోటార్లన్నిటికీ స్టీరింగు కుడివైపే ఉంటుంది మరి. ఆమె హుందాగా తిరిగి సలాం చేసింది.

చర్చి దగ్గర ఆడవాళ్లంతా చుట్టుముట్టారు. బండి నడపడం ఎప్పుడు నేర్చిందని కొమురమ్మ అడిగింది. ఇశ్రాయేలు నోరు తెరవబోయి, భార్య వైపు చూసి మూసుకున్నాడు.

"నేర్చుడేముందక్కా" అంది లీలమ్మ, కొంగు సవరించుకుంటూ. "గా ఎత్తు కాడ్నే జర కష్టమైంది."