మేనమామ ముక్కులో రింగు

ఇప్పుడంటే ఎవరైనా "ఏం పనమ్మా నీది?" అని అడిగితే, ఫోన్ తెర మీద ఏ బటన్ ఎక్కడుండాలో, ఏది ముందు కంటబడాలో తేల్చే పనండీ అని గొప్పగా చెబుతాను. డిగ్రీ పాసై అమలాపురంలో ఖాళీగా తిరిగే కాలంలో అలాంటి ఉద్యోగం ఒకటుందనే తెలీదు నాకు. మా ఇంట్లో ఉద్యోగమంటే టీచరు, కాదంటే నర్సు. (మూడోది పెళ్లి. దాన్నీ ఉద్యోగం కిందే లెక్కేసేది మా అమ్మ.) నేను మాత్రం ఫ్లెక్సీ బ్యానర్లు వేసే కొట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

ఫ్లెక్సీ అంటే మా వైపు ఆషామాషీ వ్యవహారం కాదు. ఓణీల ఫంక్షనయితే నడుమ పిల్ల ఫోటో, చుట్టూ గుండ్రాల్లో చుట్టాల మొహాలు. ఎవరి గుండ్రం ఎంతుందో చూసి మర్యాద కొలుచుకుంటారు. ఒకసారి ఉప్పలగుప్తం వాళ్ల బ్యానర్లో ఇరవైముగ్గురిని సర్దాను. పిల్ల మేనమామ కువైట్లో డ్రైవరు, ఈ ఫంక్షను కోసమే సెలవు మీద వస్తున్నారట. ఆయనకి అందరికంటే పెద్ద గుండ్రం ఇచ్చి, కుడివైపు పైమూలకి పెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఫంక్షను రోజు పొద్దున్నే పిల్ల తండ్రి ఫోన్. "ఏవండీ, మా బావమరిది మీ బ్యానర్ చూసి గుమ్మం తొక్కనంటున్నాడండీ. మీరు ముందొచ్చి చూడండి!" ఓనరుగారు నన్ను స్కూటరెక్కించుకుని బయల్దేరారు. మామూలుగా మాటల పుట్ట ఆయన. ఆ రోజు మాత్రం ఒకే మాట అడిగారు, ఈ నెల నాకెంత జీతం బాకీ అని. నా ఉద్యోగం ఊడిందని అర్థమైపోయింది.

తాళ్లు కట్టడానికి బ్యానర్ మూలల్లో ఇనప రింగులు కొడతారు కదండీ, ఆ రింగు సరిగ్గా మేనమామ ముక్కులో పడింది. అందులోంచి తాడు దూర్చి స్తంభానికి బిగించేశారు. (నా కంప్యూటర్లో బ్యానర్‌కి మూలలున్నాయి గానీ రింగులు లేవు మరి!)

"ఆయ్, చూడండి! ముక్కుతాడేసి కట్టేసేరు, గిత్తని కట్టినట్టు" అన్నారు మేనమామగారు, బ్యానర్ కింద నిలబడి. నవ్వాపుకోలేక పెదవి కొరుక్కున్నాను. లోపల పిల్ల పీటల మీద కూర్చునుంది. మేనమామ పట్టుబట్టలు పెడితేగానీ తంతు మొదలవదు. ముహూర్తం దగ్గరపడుతోంది.

"తప్పు నాదేనండీ బాబాయిగారూ" అన్నాను.

"ముక్కు సంగతి కాదమ్మా. పదేళ్లబట్టి ఈ ఇంట్లో ఏ ఫంక్షనైనా నా ఫోటోయే వచ్చింది. ఈసారి మనిషినే వచ్చేను. అందరూ దాన్ని చూసి నవ్వుకుంటా లోపలికెళ్తన్నారు గానీ, ఎదురుగా ఉన్న నన్ను ఒక్కళ్లూ గుర్తుపట్టలేదు."

నా నవ్వు ఎటు పోయిందో! కొత్తది వేయించే టైము లేదు. బ్లేడు అడిగి, స్టూలెక్కి, ఆ మూల కోసేశాను.

"అయ్యో, ఉన్న ఫోటో కూడా పీకేసేవేంటమ్మా!" అంది వాళ్లక్క, పిల్ల తల్లి.

"మనిషే వచ్చేక ఫోటో ఎందుకండీ?" అన్నాను.

తాడు పోయేసరికి బ్యానర్ ఆ పక్కకి వాలిపోయింది. ఆయన చటుక్కున చెయ్యెత్తి పట్టుకున్నారు. అప్పుడే ఆటో దిగిన ఓ ముసలావిడ, బ్యానరెత్తి పట్టుకున్నదెవరా అని తేరిపార చూసింది. "ఒరే అబ్బాయ్, నువ్వట్రా! ఎప్పుడొచ్చేవురా!" అంటూ గడ్డం పట్టుకుని ఏడ్చేసింది. తర్వాత వచ్చినవాళ్లంతా ఆయన దగ్గరే ఆగారు. ఎవరో తాడు తెచ్చినా ఆయన వదల్లేదు. ముహూర్తానికి వాళ్లక్క రెక్క పుచ్చుకుని లాక్కెళ్లాల్సి వచ్చింది.

ఆ తర్వాత నా చేతిలోంచి వెళ్లే ప్రతిదీ వాడేచోటికెళ్లి చూడటం అలవాటైంది. ఇప్పటి ఆఫీసులో దానికేదో పెద్ద పేరుందట. మొదటి ఇంటర్వ్యూలో "డిజైన్ ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగితే, ఫ్లెక్సీ కొట్లో అని చెప్పడానికి నామోషీ వేసి, ఏదో ఆన్‌లైన్ కోర్సు పేరు చెప్పాను. స్టూలు మీద బ్లేడు పట్టుకుని నిలబడ్డ ఆ పిల్లని, అంటే అప్పటి నన్ను, తలుచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది. ఇంటర్వ్యూ రోజు దాన్ని ఎరగనట్టు నటించినందుకు మాత్రం, ఇప్పటికీ దానికి క్షమాపణ చెప్పుకుంటూనే ఉన్నాను.