ఎర్ర కారుకు మూత

మా ఆయనకు గద్వాలలో బోరుమోటార్లు వైండింగు చేసే దుకాణం ఉంది. ఎవరైనా అమ్ముతామంటే చాలు, ఏ పాత యంత్రమైనా కొనేసే జబ్బు కూడా ఉంది. అయినా కారు కొంటానని హైదరాబాదు వెళ్లిన మనిషి పైకప్పు లేని రెండు సీట్ల స్పోర్ట్స్ కారుతో తిరిగొస్తాడని నేను కలలో కూడా అనుకోలేదు. ఎర్రది. నేలకు జానెడెత్తున ఉంది. దాని గుడ్డ టాపు ఎప్పుడో చీకిపోయి, మడతపెట్టే ఊచలు మాత్రం వెనక మిగిలాయి. చూడటానికి వీధి వీధంతా కదిలొచ్చింది. నేను మాత్రం లోపల కూర్చుని, తోమిన గిన్నెలే మళ్లీ తోముకున్నాను.

నేను ఇటిక్యాలలో టీచర్ని. రోజూ బస్సులో వెళ్లి వస్తాను. నా అలక తీర్చడానికి, మర్నాటి నుంచి తనే దింపుతానన్నాడు. బస్సులో సీటు దొరికే ఆశ లేదు కాబట్టి ఒప్పుకున్నాను. బడి గేటు దగ్గర దిగేసరికి జడ విడిపోయింది, కొంగు మెడకు చుట్టుకుంది, కనుబొమలు దుమ్ముతో తెల్లబడ్డాయి. పిల్లలు నమస్తే చెప్పడం మరిచి నోళ్లు తెరిచారు. హెడ్మాస్టరు మర్యాదస్థుడు కాబట్టి గోడవైపు తిరిగి నవ్వాడు.

అది కూడా ఓర్చుకున్నాను గానీ, ఎండాకాలంలో నాగర్‌కర్నూల్‌లో ఉండే మా చెల్లెలింటికి ఆ కారులో పోవడంతో నా ఓపిక అయిపోయింది. బీచుపల్లి వంతెన దాటేవరకు హాయిగానే ఉంది. ఆ తర్వాత నడినెత్తిన ఎండ, ముందు లారీ, ఆ లారీ నిండా ఇసుక. మా చెల్లెలు తలుపు తీసి, కాసేపు గుర్తుపట్టనట్టే చూసింది.

“ఏందక్కా, గిట్లయిన్రు? సిమెంటు లారీల వచ్చిన్రా?”

నేను చెంబెడు నీళ్లు తాగి, మా ఆయనవైపు తిరిగాను. “దానికి మూతన్న పెట్టియ్యి, లేకుంటె నన్ను ఈడనే వదిలిపెట్టి పో.”

ఆయన తల గోక్కున్నాడు. అప్పటికే ఆ కారు బరాత్‌లకు పేరుపడిపోయింది. పెండ్లయ్యాక కొత్తజంట దండలతో అందులో కూర్చుని, ముందు బ్యాండు, దాని ముందు కుర్రాళ్ల డ్యాన్సులతో ఊరేగాలని చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి అడిగేవాళ్లు. ఈయన ఎవరినీ కాదనేవాడు కాదు. “మూత పెడితె పెండ్లిపిల్ల ఎవరికి కనపడతది?” అని ఆయన బాధ. చివరికి చెల్లెలే తేల్చింది. కావాలంటే పెట్టేట్టు, వద్దంటే తీసేట్టు చేయించుకోమంది.

వనపర్తిలో ఫైబర్ పని చేసే ఒకాయన ఉన్నాడు. బడుల కోసం కుందేలు ఆకారంలో చెత్తడబ్బాలు, చవితికి మండపాల ముందు పెట్టే సింహాలు చేస్తాడు. కారు ఆయన దొడ్లో కుందేళ్ల మధ్య కొన్నాళ్లుంది. మూత ఎంత ఎత్తుండాలని ఆయన అడిగితే, నా కొప్పుకు తగలకుండా ఉంటే చాలన్నాను. ఆయన ఆ మాటను మరీ మనసుకు తీసుకున్నాడు. మొదటి మూత కింద మా ఆయన కూర్చుంటే, ఆయన నెత్తిమీద ఇంకో మనిషి కూర్చునేంత జాగా మిగిలింది. పెండ్లానికి కొప్పు కాదు, గోపురం ఉందనుకున్నట్టున్నాడని మా ఆయన దారి పొడవునా నవ్వాడు. రెండోది కుదిరింది. తెల్లగా, నున్నగా, రెండువైపులా చిన్న అద్దాలతో బాగుంది. నాగర్‌కర్నూల్‌లో లారీ అద్దాలకు వేసే రబ్బరు తెచ్చి అంచుకు తొడిగారు. ట్రంకుపెట్టెకుండే కొండీల్లాంటివి నాలుగు మూలలా బిగించారు. మొదటి వానకు ఒక్క మూలే కారింది. అది నేను కూర్చునే మూలే.

ఇక తీసిన మూత ఎక్కడ పెట్టాలి? మా ఇంట్లో చోటు లేదు. ఎదురింటి వదినకు బర్రెల కొట్టం ఉంది. అందులో ఒక పక్క ఎత్తుగా బొంగులు కట్టి, దాని మీద పెట్టుకోనిచ్చింది. మొదటిసారి దాన్ని చూసి బర్రెలు బెదిరాయి. తర్వాత దాని కిందే పడుకోవడం అలవాటు చేసుకున్నాయి.

ఈ వదిన గురించి చెప్పాలి. బిడ్డ బడికి పోయే వయసులోనే ఆమె భర్త పోయాడు. అప్పటి నుంచి పాలు అమ్మి ఆ ఒక్క బిడ్డను సాకింది. పాలక్యాన్లు మోసి మోసి ఆమె చేతులకు ఎంత బలమంటే, మూత దించాలన్నా ఎక్కించాలన్నా ముందు ఆమెకే కేక వేసేవాళ్లం. నలుగురు పట్టాలి ఆ మూతకు. మా ఆయన, నేను, వదిన, పక్కింట్లో జాకెట్లు కుట్టే ఖాలా. డ్రైవరు పక్కన ముందు మూల వదినది. ఇంకెవరైనా అక్కడ నిలబడితే, మోచేత్తో పక్కకు జరిపేది.

ఆమె బిడ్డ చదువు ముగించి మందుల షాపులో పనికి కుదిరింది. ఇటిక్యాల దగ్గర పత్తి విత్తనాలు పండించే కుటుంబంలో సంబంధం ఖాయమైంది. ఒకరోజు సాయంత్రం ఆ పిల్ల మా ఇంటికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా గుమ్మం పట్టుకుని నిలబడింది.

“అత్తా, బరాత్‌కు మీ కారు కావాలె. మూత లేకుంట.”

“అడగాల్నా? అది నీ కారే అనుకో.”

“మూత లేకుంట,” అని మళ్లీ అంది. తర్వాత నేలచూపులు చూస్తూ అసలు సంగతి చెప్పింది. “మా అమ్మ సంగతి నీకు తెల్వంది కాదు. శుభకార్యమంటె ఆమెకు ఎవ్వరు చెప్పక్కర్లేదు, ఆమెనే పోయి వెనక నిలబడతది. పీటల మీద మా మేనమామ, అత్తమ్మ కూసుంటరు. తలంబ్రాలకు రాదు, పంపిచ్చేటప్పుడు ఎదురు రాదు. కొట్టం కాడ నిలబడి చూస్తనన్నది. కారుల కూసున్నప్పుడన్న నేను ఆమెకు మంచిగ కనపడాలె.”

సరేనని ఆ పిల్ల తల నిమిరాను. ఆ రాత్రి మా ఆయనకు చెబితే, కారుకు పాలిష్ పెట్టడం మొదలుపెట్టాడు. ఏదైనా మనసుకు తగిలితే ఆయన చేసే పని అదే, పాలిష్ పెట్టడం.

పెండ్లి శ్రావణంలో. పొద్దున్నుంచీ ముసురు. అందుకని కారుకు మూత వేసే ఉంచాం. ఫంక్షన్ హాల్లో ఆ పిల్ల గద్వాల పట్టుచీరలో మెరిసిపోయింది. పీటల మీద ఆమె మేనమామా అత్తమ్మా కూర్చున్నారు. వదిన కోసం చూశాను. వంటల దగ్గర నిలబడి, ఎవరికీ అక్కర్లేని గరిటె ఒకటి పట్టుకుని ఉంది. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక, పెరుగు పులిసిందని వంటవాడిమీద చూపించాను.

సాయంత్రానికి మబ్బు విడిపోయి పచ్చటి ఎండ కాసింది. పిల్లను పంపించడానికి అందరూ మా వీధికి వచ్చారు. పెండ్లికొడుకే కారు నడపాలి, ఎందుకంటే ఉన్నవి రెండే సీట్లు. క్లచ్ మెల్లగా వదలాలని మా ఆయన అతనికి పాఠం మీద పాఠం చెప్పాడు. ఆ తర్వాత మూత దించడానికి తన దోస్తుల్ని ముగ్గురిని పిలిచాడు. మేం ఆడవాళ్లం పట్టుచీరల్లో ఉన్నాం కదా, ఎందుకు శ్రమ అని ఆయన మంచితనం. కొత్త పాలిష్ గీసుకుపోకుండా మూత మీద తెల్లటి పంచె కప్పాడు. నేల బురద బురదగా ఉంది. జారిపడకుండా నలుగురూ దాన్ని భుజాలకెత్తుకుని, “జరుగుండ్రి, జరుగుండ్రి” అంటూ కొట్టంవైపు మెల్లగా అడుగులో అడుగేసి కదిలారు.

సరిగ్గా అప్పుడే కొత్తజంట వదిన ఇంటి గడప దాటింది. బ్యాండువాళ్లు తమంతట తాము ఆగిపోయారు.

పెండ్లికొడుకు తాత ముందుకు వచ్చాడు. నెత్తిన తెల్ల రుమాలు, చేతిలో కట్టె, వాళ్ల వైపు ఆయన మాటే మాట.

“ఆగుండ్రి. ఏందది?”

“కారు మూత, పెద్దయ్యా,” అన్నాడు మా ఆయన.

“తెల్లగుడ్డ కప్పి, నలుగురు మొగోళ్లు భుజాల మీద మోసుకుంట, పెండ్లిపిల్లకు ఎదురొస్తున్నరు. గది నీకు మూత లెక్క కనపడుతున్నదా?”

అప్పుడుగానీ మాకు కనపడలేదు. అచ్చం పాడె. మా ఆయన ఆ క్షణాన నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ ఆయనకు సాయం చేయడమంటే సరదా.

“శవం ఎదురైతె మంచి శకునమంటరు కద, పెద్దయ్యా.”

ఇన్నేళ్ల కాపురంలో ఆయన్ను గిల్లాలని చాలాసార్లు అనిపించింది గానీ, అందరి ముందూ గిల్లింది అదొక్కసారే.

మూత మళ్లీ కారెక్కింది. కొండీలు పడ్డాయి. పోతే అట్లాగే పోవాలి, లేదంటే తమ జీపులో పోతామన్నాడు తాత. పిల్లను మూత కింద కూర్చోబెట్టారు. పూలజడ తగలకుండా తల వంచుకుని కూర్చుంది. చిన్న అద్దంలోంచి ఒక చెవి, బుట్టకమ్మ, సగం దండ తప్ప ఏమీ కనపడటం లేదు. ఎదురుగా కొట్టం గుంజ పక్కన వదిన నిలబడి, మెడ అటూ ఇటూ వంచి చూస్తోంది. నన్ను చూసి, “పోనీలే” అన్నట్టు చెయ్యి ఊపింది. ఆ చెయ్యి ఊపడంతో నా ఓర్పు తెగింది.

నేరుగా తాత ముందుకు వెళ్లాను.

“పెద్దయ్యా, మోస్తెనే కద పాడె? మేం మొయ్యం. నలుగురు ఆడోళ్లం ఉన్న కాడనే మూతను పైకి లేపి పట్టుకుంటం. కారే కిందికెళ్లి ముందుకు పోతది. గప్పుడేమంటరు?”

ఆయన గడ్డం నిమిరాడు. “ఉల్లెడ లెక్కనా?” అన్నాడు. ఉల్లెడంటే పెండ్లిలో పిల్లా పిల్లవాడి నెత్తిమీద నలుగురు నాలుగు కొసలు పట్టుకుని ఎత్తే గుడ్డ. నాకంత దూరం తట్టలేదు.

“ఉల్లెడనే, పెద్దయ్యా,” అన్నాను వెంటనే.

“గట్లయితె తప్పేముంది.”

పంచె తీసేశాం. నేను ఒక మూలకు వెళ్లాను. పెండ్లికని వచ్చిన మా చెల్లెలు, చీర కొంగు నడుముకు దోపి, వెనక మూల పట్టుకుంది. ఖాలా బుర్ఖా చేతులు పైకి మడిచి ఇంకో వెనక మూలకు వచ్చింది. డ్రైవరు పక్కన ముందు మూల ఖాళీగా ఉంది.

“వదినా, నీ మూల,” అని కొట్టంవైపు కేక వేశాను.

ఆమె కదల్లేదు. వద్దని తల ఊపింది. పెండ్లికొడుకు వైపు అత్తల్లో ఎవరో “ఆమెనా?” అని మెల్లగా అన్నారు. మెల్లగా అన్నా అందరికీ వినబడింది. అప్పుడు మూత కిందనుంచి పిల్ల గొంతు వచ్చింది, వణక్కుండా.

“మా అమ్మ పట్టుకుంటెనే తియ్యుండ్రి. లేకుంటె గట్లనే ఉండనియ్యుండ్రి.”

అందరూ తాతవైపు చూశారు. ఆయన కారును చూశాడు, కొట్టం గుంజను చూశాడు, మనవడిని చూశాడు. ఆ మనవడు స్టీరింగు పట్టుకుని బుద్ధిగా ముందుకే చూస్తున్నాడు.

“నేను చెప్పింది మొగోళ్లు మోసే ముచ్చట,” అన్నాడు తాత. “కారు మూత ఎవరు పట్టాలెనో చెప్పెటందుకు నాకు తెలిసిన శాస్త్రంల కారే లేదు. రా బిడ్డా, జల్ది పట్టు. పొద్దుగూకుతున్నది, మేం ఇటిక్యాలకు పోవాలె.”

వదిన వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని, తుడుచుకుని, తన మూల దగ్గర నిలబడింది. మేం నలుగురం ఒక్కసారిగా లేపాం. మూత మా తలలమీదికి లేచింది. పెండ్లికొడుకు క్లచ్ మెల్లగా వదిలాడు, మా ఆయన చెప్పినదానికంటే మెల్లగానే. కారు మా మధ్యనుంచి ముందుకు జరుగుతుంటే ఆ పిల్ల నిటారుగా కూర్చుని, పూర్తిగా ఎండలోకి వచ్చి, వెనక్కి తిరిగింది. పట్టుచీర, దండ, బొట్టు, ముఖం మొత్తం కనపడ్డాయి. బ్యాండు మొదలైంది.

వదిన వెక్కి వెక్కి ఏడుస్తూ నవ్వుతోంది. ఎప్పుడైనా ఏడుపు వస్తే కొంగు అడ్డం పెట్టుకునే మనిషి. ఇప్పుడు రెండు చేతులూ పైన ఉన్నాయి కాబట్టి దాచుకోవడానికి లేదు. బిడ్డ కూడా ఆమెను అట్లాగే, ఏ అడ్డమూ లేకుండా చూసింది. నాకు కళ్లనిండా నీళ్లు. తుడుచుకోవడానికి నాకూ చేతులు ఖాళీగా లేవు.

కాసేపటికి నా భుజాలు పడిపోతాయేమో అనిపించింది. చెల్లెలు మూలుగుతోంది. ఖాలా తన దేవుణ్ణి తలుచుకుంటోంది. ముందు కుర్రాళ్లు డ్యాన్సు చేస్తున్నారు కాబట్టి కారు అడుగు తీసి అడుగు వేయడం లేదు.

“దించుదామా, వదినా?” అన్నాను.

“జర ఆగు,” అంది ఆమె, కారు మీదనుంచి చూపు తిప్పకుండా. “గల్లీ మూల తిరగనీ.”