ఇంజనుకి పెట్టిన పసుపు

నా చిన్నప్పుడు నేను మోత విని కూడా, తిరుగుతుండగా చూడలేకపోయిన వస్తువు ఒకటుంది. అది ఒక ఇంజను. ఇన్నేళ్ళయినా అప్పుడప్పుడు మధ్యాహ్నపు కునుకులో దాని చప్పుడు వినిపిస్తుంది. కళ్ళు తెరిస్తే ఏ చేపల చెరువు దగ్గరి మోటారో, రోడ్డు మీద పోయే ఆటోనో అయివుంటుంది.

అప్పుడు మేం సఖినేటిపల్లికి దగ్గర్లో మా అమ్మమ్మగారి ఊళ్ళో ఉన్నాం. మా అమ్మ పురిటికి వచ్చింది. మా తమ్ముడు ఇంకా పుట్టలేదు, అంతర్వేది తీర్థం ఇంకా రాలేదు. ఈ రెండూ నాకు ఖాయంగా తెలుసు కాబట్టి అది మాఘమాసం తొలి రోజులని చెప్పగలను. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి కొన్నేళ్ళయింది. నాకు అప్పటికి ఎక్కాలు వచ్చు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అప్పజెప్పేదాన్ని.

ఇంటి వెనకే కాలవ. గోదావరిలో పోటు వచ్చినప్పుడు కాలవ నీళ్ళు మా మెట్ల మీదికి ఎక్కేవి, పాటు వచ్చినప్పుడు దిగిపోయేవి. ఆ గట్టు మీద మా చిన్న మావయ్య పడవ ఉండేది. ఆయనకి ఉన్న ఒకే ఒక్క కోరిక లాంచీ. సఖినేటిపల్లి నుంచి నర్సాపురానికి జనాన్ని దాటించాలి, అదీ ఆ ఏడు తీర్థానికే మొదలుపెట్టాలి. పాత పడవకి చెక్కలు మార్పించి, తారు పూయించి సిద్ధంగా ఉంచాడు. ఇంజను ఉండాల్సిన చోటు మాత్రం ఖాళీ. మధ్యాహ్నాలు నన్ను ఆ ఖాళీలో కూర్చోబెట్టి, తాను చుక్కాని పట్టుకుని నోటితో ఇంజను చప్పుడు చేసేవాడు. కొబ్బరాకుల నీడలు మా మీద కదులుతుంటే పడవే కదులుతున్నట్టుండేది. నేను నర్సాపురం దాటి సముద్రం దాకా వెళ్ళొచ్చిన మధ్యాహ్నాలున్నాయి.

అలాంటి మావయ్యకి కాకినాడ వైపు నుంచి ఒకాయన దొరికాడు. ఆయన దగ్గర ఒక ఇంజను ఉంది. మామూలుది కాదు, యుద్ధంలో శత్రువుల ఓడల్ని తరిమిన పడవదట. రెండొందల గుర్రాల బలమట. అలాంటివి ప్రపంచం మొత్తం మీద మూడే చేశారట. ఒకటి లండనులో అద్దాల గదిలో ఉందట, ఒకటి సముద్రం అడుగున ఉందట, మూడోది తన దగ్గర. యుద్ధం అయ్యాక దాన్నెవరూ ముట్టుకోలేదట. ఇన్నేళ్ళు నిద్రపోయినా ఒక్క తిప్పుకి లేస్తుందట.

"రెండొందల గుర్రాలకి గడ్డెవరు కోస్తార్రా? నువ్వా, మీ నాన్నగారా?" అంది అమ్మమ్మ. మావయ్య నవ్వలేదు.

నవ్వే సంగతి కాదు మరి. ఆ ఇంజను కొనాలంటే కాలవ అవతలి కొబ్బరితోట అమ్మాలి. ఇల్లు నడిచేది ఆ తోట మీదే. కొనేవాళ్ళు వచ్చి చెట్లు కూడా చూసుకుని వెళ్ళారు. మా తాతయ్య కొడుకు మొహం చూసి సరేనన్నాడు. ఇంజను ఒక్కసారి కళ్ళతో చూసి, తాంబూలం ఇచ్చేస్తే బేరం అయినట్టే. మా తాతయ్య ఆకు వక్క చేతిలో పెట్టాక మాట వెనక్కి తీసుకున్న మనిషి కాదు.

ఆ రోజు పొద్దున్న మంచు ఇంకా విడవలేదు. నేను మెట్ల మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాను. కాలవ వంపులో, మొగలి పొదల అవతల ఎక్కడో గుడగుడమని ఒక చప్పుడు. కాసేపు వినిపించి ఆగిపోయింది. గోదావరిలో లాంచీ కాబోలు అనుకున్నాను. తర్వాత కొంతసేపటికి మంచులోంచి ఒక నావ వచ్చింది. ఇద్దరు మనుషులు గెడలు వేస్తున్నారు. నావ మధ్యలో టార్పాలిను కప్పుకుని ఏదో పెద్ద జంతువు పడుకున్నట్టుంది. పక్కన ప్యాంటూ కోటూ వేసుకున్నాయన నిలబడి నమస్కారం పెట్టాడు.

టార్పాలిను తీశారు. నల్లగా, నూనె మెరుస్తూ, ఇత్తడి గొట్టాలతో ఉంది ఇంజను. మావయ్య ఎదురుగా నిలబడి ఊపిరి పీల్చడం మర్చిపోయాడు. కోటాయన హ్యాండిలు చేతిలోకి తీసుకోబోతుంటే అమ్మమ్మ, "ఆగండి బాబూ. మా ఇంటికొచ్చిన వస్తువు, బొట్టు పెట్టకుండా తిప్పకూడదు" అని పళ్ళెం తెమ్మంది. నేను పట్టుకున్నాను. మా ఇంట్లో నాగలికైనా, కుట్టుమిషనుకైనా, కొత్త గొడ్డలికైనా ముందు పసుపు, తర్వాత పని.

ఆమె తడి పసుపు ఇంజను తల మీద అద్దింది. పళ్ళెం నా చేతుల్లో ఉంది కాబట్టి నేను చాలా దగ్గర్నుంచి చూశాను. పసుపు అంచులు ముందు తెల్లబడ్డాయి. చూస్తుండగానే మొత్తం ఆరిపోయి, సన్నగా బీటలు వేసింది. అమ్మమ్మ దాని పక్కన చేతి వేళ్ళ వెనకవైపు ఆనించింది, నాకు జ్వరం వచ్చిందేమో చూసినట్టు. కుంకం పెట్టి, చెయ్యి చీర కుచ్చెళ్ళకి తుడుచుకుని, "పద, ఆ మోతకి నీ చెవులు పోతాయి" అని నన్ను రెక్క పట్టుకుని గాదె వెనక్కి తీసుకుపోయింది.

చూడనివ్వలేదని నేను ఏడుస్తుండగానే ఇంజను లేచింది. ఒక్క తిప్పుకే. నేల అదిరింది, గాదె మీద పావురాలన్నీ ఒక్కసారి ఎగిరాయి. ఆ మోతలో మావయ్య కేక కూడా వినిపించింది. తర్వాత అంతా నిశ్శబ్దం. నా చెవులు అప్పటిదాకా అమ్మమ్మ చేతులతో మూసే ఉన్నాయి. నేను వచ్చేసరికి గాలిలో పొగ వాసన మాత్రమే మిగిలింది.

తాతయ్య ముఖం వెలిగిపోతోంది. "తాంబూలం పట్రావే" అన్నాడు.

"అయ్యో, పరగడుపున తాంబూలమేటండీ? అంత దూరం నుంచి వచ్చేరు, ముద్ద తినకుండా పంపిస్తే మన పరువేం గాను?" అంది అమ్మమ్మ.

"ఆయ్, పర్లేదమ్మగారూ, పోటు దిగిపోతే కష్టమండీ" అన్నాడాయన.

"మళ్ళీ ఎక్కుతుంది లెండి, ఎక్కడికి పోతుంది?"

మా వైపు భోజనానికి ఉండమంటే ఉండాలి. కాదన్నవాణ్ణి ఊరంతా వింతగా చూస్తుంది. అమ్మమ్మ ఆ రోజు పొయ్యి తీరిగ్గా వెలిగించింది. పప్పు నానబోసి గారెలు చేసింది. పనసపొట్టు కొట్టించింది. పరమాన్నం వండింది. అరిటాకులు పరిచేసరికి పొద్దు నడినెత్తి దాటింది. ఆయన ఒకటికి రెండుసార్లు కాలవ వైపు చూశాడు గాని, నెయ్యి పడ్డాక చూడటం మానేశాడు. మాటలు కూడా వచ్చాయి. ఆ ఇంజను వేగం గురించి చెబుతూ, "అచ్చం ఇలాంటిదే రంగూన్ రేవులో చూసేనండీ, నీళ్ళ మీద ఎగిరిందనుకోండి" అన్నాడు.

నేను వేళ్ళు మడిచి చూసుకున్నాను. లండను, సముద్రం, మనది, రంగూన్. "తాతయ్యా, మూడే అన్నారు కదా, నాలుగయ్యాయేటి?" అన్నాను.

"పెద్దాళ్ళ మాటల్లో నీకేటి పని?" అని తాతయ్య గదమాయించాడు. అమ్మమ్మ మాత్రం వచ్చి నా విస్తట్లో ఇంకో గారె వేసి వెళ్ళింది.

భోజనాలయ్యాక పట్టె మంచం వేయించింది. ఆయన కునుకు తీశాడు. తాంబూలం సంగతి తాతయ్య మళ్ళీ ఎత్తితే, వక్కలు కత్తిరించడానికి కూర్చుంది. అంత సన్నగా, అంత నెమ్మదిగా వక్క కత్తిరించడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. కొబ్బరి నీడలు కాలవ దాటి అవతలి తోటలోకి పాకాయి. నీళ్ళు మెట్లు దిగాయి, మళ్ళీ ఎక్కాయి. ఇంజను నావలో అలాగే ఊగుతూ ఉంది. ఊరంతా దానితో పాటు నిద్రలో ఉన్నట్టుంది. మావయ్య ఒక్కడే మెట్ల మీద దాని ముందు మెలకువగా కూర్చున్నాడు.

ఎండ పసుపు రంగుకి తిరిగాక అమ్మమ్మ తాంబూలం పళ్ళెం పట్టుకుని బయటికొచ్చింది. తాతయ్య చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"బాబూ, ఈ పిల్ల పొద్దున్నుంచీ ఏడుస్తోందండీ, చూడలేదని. దీని కోసం ఒక్కసారి తిప్పి చూపించండి. ఆనక ఆకులు పుచ్చుకుందురు గాని."

పసిపిల్ల ముచ్చట ఎవరు కాదంటారు? ఆయన నావలోకి దిగాడు. నేను నీళ్ళ అంచు మెట్టు మీద నిలబడ్డాను. హ్యాండిలు తిప్పాడు. ఇంజను చిన్నగా దగ్గింది. మళ్ళీ తిప్పాడు. కోటు విప్పి తిప్పాడు. మావయ్య దిగి తానూ తిప్పాడు. చెమటలు కారాయి గాని చప్పుడు రాలేదు.

"చలికి బిగుసుకుందండీ" అన్నాడాయన, ఎవరి మొహమూ చూడకుండా.

"పొద్దున్న ఇంతకన్నా చలి కదా బాబూ" అంది అమ్మమ్మ, చాలా మెల్లిగా.

నేను ఘొల్లుమన్నాను, నా దిష్టే తగిలిందనుకుని. అమ్మమ్మ నన్ను దగ్గరికి తీసుకుని ఆయనతో, "దూరం వచ్చింది కదండీ, అలిసిపోయుంటది. బాగు చేయించుకుని తీరిగ్గా రండి" అంది. మిగిలిన గారెలు అరిటాకులో కట్టి, కొబ్బరికాయలతో సహా నావలో పెట్టించింది. ఆయన దణ్ణం పెట్టాడు. పొద్దుటి దణ్ణం లాంటిది కాదు. నావ వంపు తిరిగి కనుమరుగైంది, మళ్ళీ రాలేదు.

మెట్ల మీద మేం ముగ్గురమే మిగిలాక అమ్మమ్మ మావయ్యతో అంది: "ఇన్నేళ్ళు నిద్రపోయి లేచిందంటే ఒళ్ళు చల్లగా ఉండాల్రా. అది జ్వరంతో వచ్చింది. మొగలి పొదల కాడ వేడెక్కించి తెచ్చేరు. నిజమైన సరుక్కి చల్లారిపోతానన్న భయం ఉండదు."

"అప్పుడే చెప్పొచ్చు కదమ్మా?" అన్నాడు మావయ్య.

"చెప్తే నమ్మేవోడివా?"

తాతయ్య ఆ తాంబూలం తనే వేసుకుని, నమిలినంతసేపూ అవతలి తోట వైపు చూస్తూ కూర్చున్నాడు. మావయ్య పడవ తెరచాపతోనే నడిచింది, ఆ తోట కాయలే మోసింది. నోటితో ఇంజను చప్పుడు చెయ్యడం మాత్రం ఆయన మానేశాడు. తోట నిలిచిందని అందరూ సంతోషించారు. నేను సముద్రం దాకా వెళ్ళడం మాత్రం ఆగిపోయింది.

రెండువేల సంవత్సరం దాటాక, గల్ఫు నుంచి సెలవులో వచ్చిన మా మనవడు పాత మోటారు సైకిలు మోజులో పడ్డాడు. రాజోలులో ఒకాయన దగ్గర ఉందట, పందాల్లో పరిగెత్తిన ఇంజనట, జిల్లా మొత్తానికి ఒక్కటేనట. వాడి ముఖంలో నాకు మావయ్య కనిపించాడు. "ఆయన్ని బండితో సహా భోజనానికి పిలవరా" అన్నాను.

బండిని ఆటో ట్రాలీ మీద ఎక్కించి తెచ్చారు. నేను తడి పసుపు అద్ది, పక్కన వేళ్ళ వెనకవైపు ఆనించాను. చల్లగా, మా కాలవ మెట్టులా ఉంది. పసుపు తడి ఆరలేదు. అయినా ఆయనకి పప్పూ గారెలూ తప్పలేదు. భోజనాలయ్యాక చూసినా పసుపు మధ్యలో ఇంకా చెమ్మగానే ఉంది. జిల్లాకి ఒక్కటే అన్న మాట నేను లెక్కలోకి తీసుకోలేదు. అమ్మేవాళ్ళ నోట్లో ఒకటి ఎన్నయినా అవుతుంది.

"మామ్మా, మోత ఎక్కువండీ, కొంచెం పక్కకి జరగండి" అన్నాడా రాజోలు ఆయన, కిక్కు మీద కాలు పెట్టి.

నేను జరగలేదు. ఈసారి చెవులు కూడా మూసుకోలేదు.