పసుపు గీతల గోడ

తడి సున్నం వాసన ముక్కుకు తగలగానే నా కాళ్ళు ఆగిపోయాయి. బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి నానబెట్టిన సున్నం, కొంచెం పులుపు, కొంచెం తీపి. సూరత్‌లో తాపీ నది ఒడ్డున, ఒకప్పటి ఓడరేవులో ఉన్న పాత బందరు వీధిని బాగుచేసి జనానికి తెరిచారు గాని, చివరి గిడ్డంగి గోడకు ఇంకా మెత్తుతూనే ఉన్నారు. ఆదివారం పొద్దున ఎనిమిది గంటలు. నా చుట్టూ ఇరవైమంది దాకా ఉన్నారు, టోపీలు పెట్టుకొని, నీళ్ళ సీసాలు పట్టుకొని. పాత కట్టడాలు చూపిస్తూ నడిపిస్తున్న అమ్మాయి హిందీలో కొంత, గుజరాతీలో కొంత చెబుతూ, ఒకప్పుడు ఓడల సరుకు ఎక్కడ దిగేదో, సుంకం ఎక్కడ కట్టించుకునేవారో చూపిస్తోంది. మంచి పిల్ల, బాగా చదువుకొని వచ్చింది. ఉన్నట్టుండి నా వైపు చెయ్యి చూపి, ఈ వీధి మొత్తాన్ని కొలిచి గీసింది ఈ మేడమే అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆఫీసు పంపితే వచ్చాను గాని, నా అంతట నేను ఈ వీధికి రాను.

వాళ్ళెవరికీ రాజేశం మామ తెలియదు. ఇక తెలిసే దారీ లేదు. ఆయన నాకు చుట్టం కాదు. జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్ళంతా సూరత్‌లో ఒకరికొకరు మామలూ బావలూ అయిపోతారు, అంతే. నా చిన్నప్పుడు మేం ఈ వీధిలోనే, మూతపడిన ఒక గిడ్డంగిలో ఉండేవాళ్ళం. ఇక్కడివాళ్ళు దాన్ని వఖార్ అంటారు. రెండేసి టేకు స్తంభాల మధ్య ఉన్న జాగాను ఒక అంకణంగా లెక్కేస్తే మొత్తం ఏడు అంకణాలు. ఒక్కో అంకణంలో ఒక్కో కుటుంబం, మధ్యన గోనెపట్టాల తెరలు. మా నాన్న పాండేసరలోని రంగుల మిల్లుకు సైకిలు మీద వెళ్ళేవాడు. రాజేశం మామ ఊళ్ళో చేమగ్గం నేసి, సూరత్‌లో కరెంటు మగ్గాలు నడిపి, ఆ కార్ఖానా ఎక్కడికో తరలిపోయాక ఈ వఖార్‌కు కావలి మనిషిగా మిగిలాడు. సన్నగా, కొంచెం వంగి ఉండేవాడు. కరెంటు మగ్గాల మోతకు ఒక చెవి పోయింది, అందుకని ఎవరు మాట్లాడినా రెండో చెవి తిప్పి, తల వాల్చి వినేవాడు. చూసేవాళ్ళకు ఎంతో శ్రద్ధగా వింటున్నట్టు ఉండేది. నిజంగానే శ్రద్ధగా వినేవాడు.

నేను తెలుగు బడిలో ఎనిమిదో తరగతిలో లెక్కలు తప్పాను. మా అమ్మ ఏడ్చింది. రాజేశం మామ మాత్రం తన దగ్గరున్న గుడ్డ టేపు నా చేతికిచ్చి, వఖార్ పొడుగెంతో కొలిచి చెప్పమన్నాడు. నేను మొదటి అంకణం కొలిచి, దాన్ని ఏడుతో హెచ్చవేసి, పరుగెత్తుకొచ్చి చెప్పాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. లేచి నాతోపాటు వచ్చి ఒక్కో అంకణం కొలిపించాడు. ఏ రెండూ సమానంగా లేవు. ఒకటి జానెడు ఎక్కువ, ఒకటి బెత్తెడు తక్కువ.

“కొలిసింది జెప్పు బిడ్డా. అనుకున్నది జెప్పకు,” అన్నాడు.

నాకు వచ్చిన చదువంతా ఆ రోజు వచ్చిందే. ఆ తర్వాత సెలవురోజుల్లో ఆయన వెంట తిరుగుతూ అన్నీ కొలిచేదాన్ని. ఏటిలోకి దిగే రాతిమెట్ల అంచుల్లో వేలు పట్టేంత గాట్లు ఉండేవి. అవి పడవల తాళ్ళు రాసుకొని పడినవని ఆయనే చూపించాడు. ఆయనకు చరిత్ర తెలియదు, ఏ రాజు కట్టించాడో, ఏ కంపెనీ దిగిందో తెలియదు. కాని ఏ గోడ ముందు లేచిందో, ఏది దానికి ఆనించి తర్వాత కట్టారో, ఇటుకల వరస చూసి చెప్పేవాడు. ఇవాళ ఈ అమ్మాయి ఇరవైమందికి చెబుతున్న సంగతుల్లో సగం నేను ఆయన దగ్గర విన్నవే.

ఆయన దగ్గర ఇంకొకటి నేర్చుకున్నాను, అదే నా కొంప ముంచింది. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సులో చేరిన కొత్తలో ఒక డ్రాయింగు తప్పు గీసి, బ్లేడుతో గీకి, పైన మళ్ళీ సిరా పూసి, ఎంత నున్నగా వచ్చిందో చూడమని గర్వంగా ఆయనకు చూపించాను. ఆయన కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి చూసి, పెట్టెలోంచి ఒక తువ్వాలు తీశాడు. తాను ఊళ్ళో నేసిన ఆఖరి తువ్వాలట. దాన్ని మడతపెట్టిన తీరు విచిత్రంగా ఉంది. నేతలో దారం తెగి ముడివేసిన చోటు సరిగ్గా పైమడత మీదకు వచ్చింది. వాళ్ళ నాన్న ఎప్పుడూ బట్టను అలాగే మడిచేవాడట, కొనేవాడి కన్ను మొదట అతుకు మీదే పడేటట్టు.

“అతుకు లోపలికి మలిస్తే బట్ట అమ్ముడువోతది గని, నేసినోని మాట పోతది,” అన్నాడు. ఆ డ్రాయింగు మళ్ళీ మొదటినుంచి గీశాను.

నాన్నకు కొంచెం మంచి పని దొరికాక మేం ఏటికి అవతల అమ్రోలికి మారిపోయాం. ఒక్కొక్కరుగా మిగతావాళ్ళూ వెళ్ళిపోయారు. రాజేశం మామా, ఆయన భార్య లచ్చవ్వ అత్తా మాత్రం ఏడో అంకణంలో ఉండిపోయారు. ఆ ఒక్క అంకణానికే ఇటుక గోడ ఉంది, తలుపుంది, గది లాంటిది. లచ్చవ్వ అత్త పోయాక ఆయన ఒక్కడే ఉన్నాడు. నేను పాత కట్టడాలను బాగుచేసే ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో చేరాను. అప్పుడప్పుడు వెళ్ళి చూసి వచ్చేదాన్ని. వెళ్ళినప్పుడల్లా ఏం కొలుస్తున్నావని అడిగేవాడు.

తర్వాత ఈ బందరు వీధిని బాగుచేసే పని మా ఆఫీసుకే వచ్చింది. నేను పుట్టి పెరిగిన చోటు కనుక ఎగిరి గంతేసి, కొలతలు నేనే తీస్తానన్నాను. మా పనిలో ఒక పద్ధతి ఉంది. కట్టడంలో మొదటినుంచీ ఉన్న గోడలను డ్రాయింగులో నల్లగా నింపుతాం, తర్వాత ఎవరో చేర్చినవాటికి పసుపు గీతలు వేస్తాం. నలుపు నిలుస్తుంది, పసుపు పోతుంది. పసుపు పోతుందని నాకు అప్పటికి తెలియదని చాలా రోజులు నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. తెలుసు. అంతకుముందు రెండు పనుల్లో నేను పసుపు వేసిన రేకుల షెడ్లూ స్నానాల గదులూ పోవడం నా కళ్ళతో చూశాను. మనిషి ఉంటున్న గోడ సంగతి వేరుగా చూస్తారులే అనుకున్నాను. అనుకున్నాను, అంతే, ఎవరినీ అడగలేదు.

వఖార్ కొలిచిన రోజు టేపు రెండో కొస రాజేశం మామే పట్టుకున్నాడు. అటు చివర నిలబడి కొలత కొలతకూ తల ఊపుతూ ఉంటే, ఆయన ముఖంలో అంత సంబరం నేను ఎన్నడూ చూడలేదు. ఆరు అంకణాలయ్యాక ఆయన గది గోడ దగ్గరికి వచ్చాం. ఇటుకలు పాతవే, మిగతా కట్టడంలో ఉన్న పలచని పెద్ద ఇటుకలే. మధ్యన సున్నం కూడా అలాంటిదే. ఎంత పండిన కన్నయినా దాన్ని పాత గోడ అనే అనేది. నేను కూడా నల్ల పెన్సిలు తీశాను. మామా, ఇది కూడా వఖార్‌తోపాటు కట్టిందేనా అని మాటవరసకు అడిగాను.

“కాదు బిడ్డా, నేనే కట్టిన,” అన్నాడు. “ఏటి పక్క గోడ కూలిపోయి ఇటుకలు పడున్నయి, అవి ఏరుకొచ్చిన. నువ్వు పుట్టే ఏడాది. మీ అమ్మకు నెలలు నిండినయి, గోనెపట్టాల నడుమ గంతమంది మొగోళ్ళు, ఆమెకు జర చాటు లేకపాయె. పది రోజులల్ల లేపిన. నువ్వు గీ గోడ ఎనకనే పుట్టినవ్.”

ఆ సంగతి నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత వఖార్‌లోని ఆడవాళ్ళందరి స్నానాలూ, మరో నాలుగైదు కాన్పులూ ఆ గోడ చాటునే జరిగాయట. నేను కాసేపు ఆ గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. తర్వాత ఏం చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది. నల్ల పెన్సిలు లోపల పెట్టి, పసుపుది తీసి గీతలు వేశాను. పక్కన కట్టిన సంవత్సరం రాశాను, నేను పుట్టిన సంవత్సరమే. ఆయన తల వాల్చి చూసి, తాను చెప్పింది చెప్పినట్టు నేను రాశానని తృప్తిగా తల ఊపాడు. పసుపు అంటే ఏమిటో నేను ఆయనకు చెప్పలేదు. ఆయన అడగలేదు.

ఆఫీసులో మా సారుకే అనుమానం వచ్చింది. ఇటుక చూస్తే పాతదే కదా, ఖాయంగా తెలుసా అని రెండుసార్లు అడిగారు. ఆ మనిషి నాకు ఒక దారి చూపించారు, ఇప్పుడు అర్థమవుతోంది. తెలియదు సార్ అంటే చాలు, సందేహం ఉన్నవాటిని మేం కూల్చం. కట్టినవాడే చెప్పాడు సార్ అన్నాను. చెబుతున్నప్పుడు గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

గోడ విప్పేరోజు ఫోటోలు తీసే పని నాదే. నోటీసు ముందే ఇచ్చారు. ఆయన పేరున ఏ కాగితమూ లేదు కనుక వేరే చోటు చూపించే బాధ్యత ఎవరికీ లేకపోయింది. నేను తెలిసిన అధికారులందరి దగ్గరికీ వెళ్ళి బతిమాలాను. అందరూ నా డ్రాయింగే తీసి చూపించారు. రాజేశం మామ తన పెట్టె బయట పెట్టుకొని, గోడ విప్పుతున్న మేస్త్రీలకు, ఇటుక విరగకుండా పైనుంచి ఎలా తీయాలో చెబుతూ నిలబడ్డాడు. వాళ్ళు ఆయన మాట విన్నారు. ఒక్క ఇటుకా విరగలేదు. ఆ ఇటుకలనే ఏటివైపు కమాను బాగుచేయడానికి వాడారు, పాత ఇటుక దొరకడం కష్టం కనుక. గోడ పాతది కాదని కూల్చారు, ఇటుక పాతదని దాచుకున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియని రోజు అది. నేను ఫోటోలు తీస్తూనే ఉన్నాను.

లింబాయత్‌లో ఆయన మేనల్లుడి మగ్గాల కార్ఖానా వెనక ఒక గదిలో చేరాడు. మూడు నెలలు నాకు ముఖం చెల్లలేదు. వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం వెళ్ళాను. పక్కనే పాతిక మగ్గాలు దడదడమంటున్నాయి, గోడ అదురుతోంది. బాగున్న చెవిలో కూడా దూది పెట్టుకొని పడుకొని ఉన్నాడు. సగానికి సగం తగ్గిపోయాడు. అన్నం తినడం లేదని మేనల్లుడి భార్య చెప్పింది. నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చొని, తప్పు నాదని, నల్లగా నింపి ఉంటే సరిపోయేదని ఏడుస్తూ చెప్పాను. ఆయన దూది తీసి, తల వాల్చి, మొత్తం విన్నాడు. నీ తప్పేముంది, నువ్వు ఉన్నది ఉన్నట్టు రాశావు అంటాడని నేను ఎదురుచూశాను. అదొక్కటి అంటే బతికిపోతాననుకున్నాను.

“నువ్వు అబద్ధం రాస్తే మంచిగుండు బిడ్డా,” అన్నాడు. దూది తిరిగి చెవిలో పెట్టుకోబోతూ మళ్ళీ అన్నాడు. “నేను గూడ అబద్ధం జెప్పాల్సింది. నీకు అదొక్కటి నేర్పియ్యకపోతి.”

ఆ వర్షాకాలంలోనే పోయాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే ఎక్కడో ఒకచోట క్షమిస్తాడనే ఆశ ఉండేది. తిట్టలేదు. బతుకంతా నమ్మిన మాటను పోయేముందు వెనక్కి తీసుకున్నాడు, అదీ నా మూలంగా. ఒక మనిషి ఇల్లు పోగొట్టడం వేరు, ఆ మనిషికి తన మీద ఉన్న నమ్మకం పోగొట్టడం వేరు. నేను రెండూ చేశాను.

ఇవాళ ఆ అమ్మాయి అందరినీ ఏడో అంకణంలోకి తీసుకెళ్ళింది. ఇప్పుడక్కడ అడ్డేమీ లేదు, ఈ చివరనుంచి ఆ చివరదాకా ఏడు అంకణాలూ ఒకే చూపులో కనిపిస్తాయి. నిజం చెప్పాలంటే అందంగా ఉంది, అది నాకు మరీ కష్టంగా ఉంది. ఒకాయన, మనవరాలి చెయ్యి పట్టుకొని ఉన్నాడు, బాగుచేయకముందు ఇందులో ఏముండేదని అడిగాడు. చాలాకాలం ఖాళీగా పడి ఉండేదని ఆ అమ్మాయి చెప్పింది. ఆమె అబద్ధం చెప్పలేదు, ఆమెకిచ్చిన కాగితంలో అలాగే ఉంది. ఆ కాగితం, గోడలే తప్ప మనుషులు లేని నా డ్రాయింగుల నుంచే తయారైంది. నేను నోరు తెరిచి చెప్పవలసింది. ఇరవైమంది నా వైపు చూశారు కూడా. నడక ముగిశాక పక్కనున్న హోటల్లో అందరికీ చాయ్ ఇచ్చారు, తాగాను.

రేపటినుంచి ఏటికి అవతలి ఒడ్డున ఇంకొక గిడ్డంగి కొలవాలి. మొన్న చూసి వచ్చాను. లోపల ఐదు కుటుంబాలున్నాయి, ఒరియావాళ్ళు, మన ఊళ్ళవాళ్ళు కూడా ఒకరిద్దరు. ఒక ముసలావిడ పొయ్యి వెనక పాత ఇటుకలతో చిన్న గోడ ఉంది. కొలిచిందే చెప్పమని నేర్పి రాజేశం మామ వెనక్కి తీసుకున్న మాట నేను ఎంత ప్రయత్నించినా నా చేతుల్లోంచి పోవడం లేదు, నాకు ఇంకో రకంగా పని చేయడం రాదు. రేపు పొద్దున ఆవిడను ఆ గోడ ఎవరు కట్టారని అడుగుతాను. ఆవిడ నిజమే చెబుతుంది.