బాపు మీద రోకలి ఎత్తిన

తెలంగాణ వచ్చిన ఏడాది నేను పదో తరగతి. మాది మోత్కూర్ల నేత ఇల్లు. పొద్దుగాల్నే వాకిట్ల పడుగు నూలు పొడుగ్గ చాపి, కొసను కరెంటు స్తంభానికి ఊతంగున్న ఇనుప తీగకు కట్టి గంజి పెట్టుడు మాకు అలవాటు. ఆ రోజు ఆ తీగల కరెంటున్నదని ఎవలకు తెల్వదు. గంజి చేతులతోని పట్టుకున్న బాపు దానికే అతుక్కపోయిండు. కండ్లు తేలేసిండు.

అమ్మ ఆయన మీదికి ఉరికింది. ఒక్క తోపుకు కింద పడేసిన. పక్కకున్న కర్ర అందుకోబోయిన గని అది గంజిల తడిసింది. తడి కట్టెల కరెంటు పారుతదని బడిల చెప్పిన్రు. ఇంట్లకెల్లి ఎండు రోకలి తెచ్చి బాపు చెయ్యి మీద కొట్టిన. వదల్లే. మళ్ల కొట్టిన.

"బాపును సంపుతవానే!" అని పక్కింటి పెద్దమ్మ నా జుట్టు పట్టి గుంజింది. ఆమె చెయ్యి కొరికి, మూడో దెబ్బ ఏసిన. ఎముక ఇరిగిన సప్పుడు ఇనవడ్డది. బాపు ఇడిపోయి కింద పడ్డడు. ఊపిరున్నది.

ఆ చెయ్యి మళ్ల మగ్గం మీద సక్కగ ఆడలే. కన్నతండ్రిని కొట్టిన పాపం ఊకెనే పోతదా అని పెద్దమ్మ ఇప్పటికీ అంటది. అననీ. ఆ వంకర చెయ్యితోనే బాపు నా పెండ్లిల అక్షింతలేసిండు.