భీమిలి కొండలకు ఒకే టికెట్

సుందరరావుకు కొండల పిచ్చి. భీమిలిలో పుట్టి, హైదరాబాదు వచ్చి యూనివర్సిటీ పరీక్షల విభాగంలో గుమాస్తాగా చేరి, తార్నాకలో ఇల్లు కట్టుకుని ఇన్నేళ్ళయినా ఆ పిచ్చి వదల్లేదు. తెల్లవారగానే క్యాంపస్ బండలు ఎక్కి దిగితే తప్ప ఆయనకు కాఫీ రుచించదు. ఇదంతా డిసెంబర్ కోసం. క్రిస్మస్ ఆరాధన తార్నాక చర్చిలో చేసుకుని, ఆ సాయంత్రమే రైలెక్కి, విశాఖ నుంచి భీమిలి వైపు సముద్రం వెంబడే సాగే కొండలను ఈ చివర ఎక్కి ఆ చివర దిగాలి. పండగ అంటే ఆయనకు కేకు కాదు, ఈ నడకే.

నడకకు తోడు సమ్మయ్య. హాస్టల్ మెస్‌లో వంటమనిషి, తార్నాక పక్కనే మాణికేశ్వర్ నగర్‌లో ఉంటాడు. బండల దగ్గరే పరిచయం. వాళ్ళిద్దరి మధ్య పిలుపులనేవే లేవు. డిసెంబర్ రాగానే సుందరరావు రెండు టికెట్లు తెస్తాడు, సమ్మయ్య జొన్నపిండి పట్టిస్తాడు. రైల్లో రొట్టెలూ పల్లీల కారమూ విప్పితేనే ప్రయాణం మొదలైనట్టు. 'వస్తావా' అని ఒకరు అడిగిందీ లేదు, 'వస్తా' అని ఇంకొకరు చెప్పిందీ లేదు.

2010లో వచ్చింది చిక్కు. క్యాంపస్‌లో ఎటు చూసినా తెలంగాణ నినాదాలే. బాష్పవాయువుకు తార్నాక దాకా కళ్ళు మండేవి. మెస్ సిబ్బంది రిలే దీక్షలకు శిబిరం వేస్తే ముందు వరసలో కుర్చీ సమ్మయ్యదే. పొద్దున బండల దగ్గర సుందరరావు అతనితో అన్ని కబుర్లూ చెప్పేవాడు, కొండ సంగతి తప్ప. తెలంగాణ కోసం దీక్షలో కూర్చున్న మనిషిని భీమిలి రమ్మంటే తోటివాళ్ళలో తలవంపులు కదా అని ఆయన ఆలోచన. మర్యాద మరీ ఎక్కువైనవాళ్ళకు పట్టే తెగులు ఇది. ఒకే టికెట్ తెచ్చుకుని, "ఈసారి నేనొక్కణ్ణే వెళ్ళొస్తాలే సమ్మయ్యా, నీకు శిబిరం ఉందిగా," అన్నాడు.

"మంచిది," అన్నాడు సమ్మయ్య. మర్నాటి నుంచి బండల దగ్గరకు రావడం మానేశాడు.

ఉద్యమం తమ మధ్యకూ వచ్చేసింది, ఇన్నేళ్ళ స్నేహం ఇంతటితో సరి అనుకున్నాడు సుందరరావు. కొండ ఒక్కడే ఎక్కగలడు. ఎక్కాక ఎవరితో పోట్లాడాలి?

పండగ ముందురోజు ఆయన భార్య మరియమ్మ మార్కెట్ నుంచి వచ్చి, సంచి దించుతూనే అందుకుంది.

"సమ్మయ్యగారి భార్య బాలలక్ష్మి కనిపించిందండీ. పదిహేను రోజుల కిందటే జొన్నపిండి పట్టించి డబ్బా నింపాడట. ఇప్పుడు తను ముట్టుకోడట, ఎవర్నీ ముట్టుకోనివ్వడట. ఆయన్ని మీరేమన్నారు?"

"నేనేమంటాను? ఇబ్బంది పెట్టడమెందుకని ఒక్క టికెట్టే తెచ్చాను."

"బాగుంది మీ తెలివి. ఆయన రానన్నాడా?"

సుందరరావు చెప్పులేసుకుని శిబిరానికి బయల్దేరాడు.

శిబిరం నిండా జనం. ఎవరో పాట పాడుతున్నారు. తన యాస వింటే ఎవరేమంటారోనని భయపడ్డాడు, దాచేదేముంది. అయినా ముందు వరస దాకా వెళ్ళి నిలబడ్డాడు.

"సమ్మయ్యా, కొండకు వస్తావా?"

పాట ఆగిపోయింది. సమ్మయ్య కుర్చీలోంచి లేవలేదు.

"ఇన్నేండ్లల్ల ఎన్నడన్న అడిగినవా సుందరన్నా? తెలంగాణ కావాలన్నోడు నీతోని కొండెక్కడని ఎట్లనుకున్నవ్?"

"నాదే తప్పు."

"టికెట్ ఏది మరి?"

"ఒకటే ఉంది."

"అయితే గా టికెట్ వాపస్ చెయ్యి. ఇద్దరం జనరల్ డబ్బాల పోదం." సమ్మయ్య పక్కవాళ్ళ వైపు తిరిగాడు. "కొండెక్కి జల్దీ వస్త. అప్పటిదాంక నా కుర్చీల ఎవ్వల్ని కూసోనియ్యకుండ్రి."

శిబిరమంతా నవ్వింది. సుందరరావుకు కళ్ళనీళ్ళొచ్చాయి.

జనరల్ డబ్బాలో నిలబడి నిలబడి కాళ్ళు పీక్కుపోయినా, కొండ గాలి తగలగానే ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. నెమ్మదిగా నడిచేవాడే ముందుండాలని వాళ్ళ నియమం. అంచేత సమ్మయ్య ముందు, సుందరరావు వెనక. ఎడమవైపు జీడిమామిడి తోపులు, కుడివైపు కింద మిలమిలలాడే సముద్రం. రాష్ట్రం గురించి వాదులాట మాత్రం ఆగలేదు. ఎక్కుడు రాగానే సమ్మయ్యకు ఊపిరందక మాట ఆగేది, దిగుడు రాగానే మళ్ళీ మొదలు. ఆయన ఒప్పుకోలేదు, ఇతను తగ్గలేదు. అలా పోట్లాడుకుంటూ నడుస్తున్నంతసేపూ సుందరరావుకు ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

చివరి కొండ దిగే చోట ఒక ముసలమ్మ పుల్లల మోపు దించుకుని కూర్చుంది.

"ఏ ఊరు బాబూ మనది?" అని సుందరరావును అడిగింది.

ఏటా ఎవరో ఒకరు అడిగేదే. ఏటా ఆయన ఛాతీ విరుచుకుని భీమిలి అనేవాడు. ఈసారి నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"తార్నాక."

సమ్మయ్య వెనక్కి తిరిగాడు. "గదేంది సుందరన్నా, నువ్వు పుట్టింది గీడనే గదా?"

"పుట్టింది ఇక్కడే. రేపు రైలెక్కి ఇంటికి వెళ్ళేది ఎక్కడికి మరి?"

ముసలమ్మకు తార్నాక ఎక్కడుందో తెలియదు. "మరి నువ్వు బాబూ?" అని సమ్మయ్యనూ అడిగింది.

"ఇద్దరిది ఒక్కటే ఊరవ్వా," అన్నాడు సమ్మయ్య.